ఓడ పేరు లేని యుద్ధకాలపు కవరును చదవడం ఎలా?

పాత కవర్లు పోగుచేసేవాళ్లకు ఎప్పుడో ఒకసారి ఇలాంటిది తగులుతుంది. స్టాంపు ఉండదు. స్టాంపు ఉండాల్సిన మూలలో ‘ఫ్రీ’ అని చేత్తో రాసి ఉంటుంది. పక్కనే గుండ్రటి పోస్టల్ ముద్ర, అందులో ‘యు.ఎస్. నేవీ’ అని, ఒక తేదీ, అంతే. ఊరి పేరు లేదు, ఓడ పేరు లేదు. ఎడమవైపు కింద సెన్సార్ ముద్ర, దాని మీద ఎవరివో పొట్టి సంతకాలు. అమ్మేవాళ్లు దీన్ని చవక డబ్బాలో పడేస్తారు. కాస్త ఓపిక ఉంటే ఇది ఏ ఓడలో రాసిందో, ఆ రోజు ఆ ఓడ ఏ సముద్రంలో ఉందో చాలాసార్లు తేల్చవచ్చు.

ఒకే ఓడను పట్టుకుని పని మొదలుపెడదాం. పేరు యు.ఎస్.ఎస్. హెండర్సన్. మెరైన్ దళానికి చాలాకాలం అధిపతిగా ఉన్న ఆర్చిబాల్డ్ హెండర్సన్ పేరు పెట్టారు. సైనికుల్ని, సరుకుల్ని మోయడానికని ఫిలడెల్ఫియా నేవీ యార్డులో కట్టారు. ఈ ఓడ రెండు ప్రపంచ యుద్ధాల్లో పనిచేసింది, మధ్యలో పేరు మార్చుకుంది, ఆ పాత పేరుతో మళ్లీ ఇంకో ఓడ వచ్చింది. చిక్కులన్నీ ఒక్క దగ్గరే ఉన్నాయి కాబట్టి నేర్చుకోవడానికి బాగుంటుంది.

1. ముందుగా కవరును కవరులా ఉండనివ్వండి

రెండు వైపులా స్కాన్ తీయండి, వెనకవైపు ఖాళీగా ఉన్నా సరే. లోపల ఉత్తరం ఉంటే కవరు నుంచి వేరు చేసి దాచకండి. పాత టేపు పీకకండి, స్టాంపు ఉంటే నీళ్లలో నానబెట్టకండి. మన ఎండలకు పీవీసీ పౌచ్‌లు కాగితానికి అంటుకుపోతాయి, పాలిస్టర్‌వి వాడండి. ఇక్కడికి ఇది చాలు.

2. కనిపించేది కనిపించినట్టు రాసుకోండి

ఒక కాగితం తీసుకుని ముద్రల్ని విడివిడిగా రాయండి. అర్థం వెతకడం తర్వాత. ఇక్కడ తొందరపడితే తర్వాత అన్నీ తప్పుతాయి.

పోస్టల్ ముద్రలో రెండు భాగాలుంటాయి. ఒకటి తేదీ ఉన్న వలయం, రెండోది స్టాంపును కొట్టేసే అడ్డగీతలు. వలయం ఒకటా, రెండా? పైన ఏముంది, కింద ఏముంది? తేదీ పక్కన ఉదయం, సాయంత్రం అని సూచించే అక్షరాలున్నాయా? గీతలు మూడా, నాలుగా? గీతల మధ్య అక్షరాలేమైనా ఉన్నాయా? ముద్ర ఉక్కుదా, రబ్బరుదా? ఉక్కు ముద్ర అంచులు సన్నగా, తేటగా పడతాయి. రబ్బరుది కాస్త ఉబ్బి, కొన్నిచోట్ల సిరా ముద్దగా ఉంటుంది.

ఇవన్నీ ఎందుకంటే, అమెరికా నౌకాదళ ముద్రలకు ఒక వర్గీకరణ ఉంది. డాక్టర్ ఫ్రాన్సిస్ లోసీ తయారుచేసింది, ఇప్పటికీ అందరూ అదే వాడతారు. ముద్ర ఆకారానికి ఒక అంకె, అందులోని తేడాలకు పక్కన ఒక అక్షరం. ఈ అక్షరాల్లో మనకు ముఖ్యమైనది ‘జెడ్’. ముద్రలో ఓడ పేరు లేదని దాని అర్థం. వేలం జాబితాలో ‘టూ జెడ్’ అని కనబడితే యుద్ధకాలపు పేరులేని ముద్ర అన్నమాట.

ఓడల మీద పోస్టాఫీసులు ఎప్పుడూ ఉన్నవి కావు. 1908 మే 27న వచ్చిన చట్టంతో నౌకాదళ ఓడల్లో మెయిల్ క్లర్కులను పెట్టుకునే వీలు కలిగింది. అంతకుముందు ఉత్తరాలన్నీ రేవులో దింపి, అక్కడి పోస్టాఫీసులోనే వేసేవారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఓడ పేరు ముద్రలో దర్జాగా కనిపించేది. 1930లలో గీతల మధ్య ఖాళీలో ఓడ ఉన్న రేవు పేరు కూడా పెట్టేవారు, ఉదాహరణకు షాంఘై, చైనా అని. కలెక్టర్లు తమ చిరునామా రాసిన కవర్లు ఓడ మెయిల్ క్లర్కుకు పంపించి ముద్ర వేయించుకున్నది కూడా ఈ రోజుల్లోనే. అందుకే 1930ల కవర్లు కుప్పలుగా దొరుకుతాయి, యుద్ధంలో నిజంగా ఇంటికి రాసిన ఉత్తరాలు వెతకాల్సొస్తుంది.

1941 డిసెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగాక ముద్రల్లోంచి ఓడ పేర్లు తీసేశారు. ఫలానా ఓడ ఫలానా తేదీన ఫలానా రేవులో ఉందని కవరు చూసి తెలుసుకునే వీలు శత్రువుకు ఉండకూడదు కదా. కొన్ని ఓడల్లో పాత ముద్రలోంచే పేరు చెక్కేశారు. అలాంటి ముద్రలో పేరు ఉండాల్సిన చోట బోసిగా కనిపిస్తుంది, ఒక్కోసారి అక్షరాల మొదళ్లు మిగిలి ఉంటాయి. భూతద్దం కింద ఆ మిగిలిన ముక్కల్ని యుద్ధానికి ముందరి ముద్రతో పక్కపక్కన పెట్టి చూడండి. పేరు లేకపోయినా ఓడ దొరికిపోవచ్చు. నాకు ఈ పని మొత్తంలో ఇష్టమైన భాగం ఇదే.

3. ‘ఫ్రీ’ అన్న మాటను తేదీతో సరిచూడండి

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు మామూలు ఉత్తరాలు ఉచితమైంది 1942 ఏప్రిల్ 1 నుంచి. ఆ సౌకర్యం 1947 చివరిదాకా నడిచింది. కాబట్టి 1942 ఫిబ్రవరి తేదీ ఉన్న కవరు మీద ‘ఫ్రీ’ అని ఉండి స్టాంపు లేకపోతే ఆగి ఆలోచించాలి. అప్పటికి మామూలు ఉత్తరానికి 3 సెంట్లు. ఎయిర్‌మెయిల్ ఎప్పుడూ ఉచితం కాదు. విదేశాల్లో, సముద్రం మీద ఉన్న సైనికులకు 1941 క్రిస్మస్ నాటి నుంచి అరౌన్సుకు 6 సెంట్ల రాయితీ ధర ఉండేది. 1944 మార్చిలో దేశంలో ఎయిర్‌మెయిల్ 8 సెంట్లు అయినా సైనికులకు ఆ ఆరే కొనసాగింది.

మొదటి యుద్ధానికీ ఇలాంటి హద్దే ఉంది. విదేశాల్లో పనిచేసే సైనికుల ఉత్తరాలకు 1917 అక్టోబరు చట్టంతో ఉచిత సౌకర్యం వచ్చింది.

హెండర్సన్ విషయంలో ఒక మెలిక ఉంది. 1942లో ఆ ఓడ కాలిఫోర్నియా, హవాయి మధ్య తిరుగుతూ సైనికులతోపాటు సివిలియన్ టెక్నీషియన్లను కూడా మోసింది. వాళ్లకు ఉచితం లేదు. కాబట్టి అదే ఏడాది కవరు మీద 3 సెంట్ల స్టాంపు కనిపిస్తే తప్పు కవరు అని తీసిపారేయకండి, రాసింది ఎవరో చూడండి.

4. ఓడను పట్టించేది పంపినవారి చిరునామా

ముద్రలో పేరు తీసేశారు గానీ, పంపినవాడు పై ఎడమ మూలలో ఓడ పేరు రాయక తప్పదు. లేకపోతే ఇంటి నుంచి జవాబెలా వస్తుంది? అక్కడ సాధారణంగా పేరు, హోదా, డివిజన్, ఓడ పేరు, దాని కింద ‘ఫ్లీట్ పోస్టాఫీస్, శాన్‌ఫ్రాన్సిస్కో’ లేదా ‘న్యూయార్క్’ అని ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో అంటే పసిఫిక్ వైపు, న్యూయార్క్ అంటే అట్లాంటిక్ వైపు. ఉత్తరం ఆ ఊళ్లో పోస్టు చేశారని దాని అర్థం కాదు. ఓడకు వెళ్లే ఉత్తరాలు ఆ ఊరి ద్వారా పోయేవి, అంతే. ఓడ పేరుకు బదులు ‘నేవీ 128’ లాంటి అంకె ఉంటే అది ఒడ్డున ఉన్న స్థావరం. 128 అంటే పెర్ల్ హార్బర్.

రవాణా నౌకల దగ్గర మాత్రం ఈ చిరునామా మోసం చేయగలదు. యుద్ధనౌకలో రాసేవాడు దాదాపుగా ఆ ఓడ సిబ్బందే. రవాణా నౌకలో సిబ్బంది కొందరే, ప్రయాణికులు వందలకొద్దీ. ఒక మెరైన్ హెండర్సన్ ఎక్కి, ప్రయాణంలో ఉత్తరం రాసి, ఓడలోని పోస్టాఫీసులోనే వేస్తాడు. చిరునామాలో మాత్రం తన దళం పేరు రాస్తాడు, ఓడ పేరు ఎక్కడా ఉండదు. అప్పుడు ముద్ర ఒక్కటే ఓడకు సాక్ష్యం. దీనికి విరుగుడు మస్టర్ రోల్స్, అంటే ఓడ హాజరు పట్టీలు. వాటిలో సిబ్బంది పేర్లతోపాటు ఏ ప్రయాణికుడు ఎప్పుడు ఎక్కాడో, ఎక్కడ దిగాడో చూపించే జాబితాలు కూడా చాలాసార్లు కలిసి ఉంటాయి. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. ఈ పట్టీలు మామూలు నావికులవే, ఆఫీసర్ల పేర్లు వాటిలో వెతకకండి.

సెన్సార్ ముద్ర వలయంగానో, దీర్ఘచతురస్రంగానో ఉంటుంది. ‘నావల్ సెన్సార్ చూసి పంపినది’ అనే అర్థమొచ్చే మాటలు, కింద ఆఫీసరు పొట్టి సంతకం. చదివింది బయట ఆఫీసువాళ్లు కాదు, ఆ ఓడలోని ఆఫీసరే. ఒకే ఓడ నుంచి వచ్చిన రెండు మూడు కవర్లు దొరికితే ఆ పొట్టి సంతకాలను పోల్చండి. ఓడ పేరున్న కవరు మీదా, పేరు లేని కవరు మీదా అదే చేతిరాత, అదే ముద్ర ఆకారం కనిపిస్తే మీ వాదనకు బలం వస్తుంది.

5. ఓడ చరిత్రను తేదీల వారీగా కట్టండి

మొదలుపెట్టాల్సింది అమెరికా నౌకాదళ చరిత్ర విభాగం నడిపే ఓడల నిఘంటువుతో. డాన్‌ఫ్స్ అని పొట్టిగా పిలుస్తారు, ఆన్‌లైన్‌లో ఉచితం. అందులోంచి హెండర్సన్‌కు నేను కట్టుకునే పట్టీ దాదాపు ఇలా ఉంటుంది.

1917 మే 24న సేవలోకి వచ్చింది. దానికి ముందు తేదీతో ‘యు.ఎస్.ఎస్. హెండర్సన్’ ముద్ర ఉండటానికి వీల్లేదు. అదే ఏడాది జూన్ 14న న్యూయార్క్ నుంచి రియర్ అడ్మిరల్ గ్లీవ్స్ కాన్వాయ్‌లో అమెరికా సైనికులతో బయలుదేరి, జూన్ చివర్లో ఫ్రాన్స్‌లోని సాన్ నజేర్ చేరింది. యుద్ధమంతా ఆ దారిలోనే తిరిగింది. 1918 జూలై మొదట్లో సరుకు గదిలో పెద్ద నిప్పంటుకుంది. సైనికుల్ని వాన్ స్టూబెన్ అనే ఓడలోకి మార్చారు, హెండర్సన్ ఎలాగో వెనక్కి వచ్చింది. కవర్ల వాళ్లకు ఇది పనికొచ్చే విషయం. ఆ ప్రయాణంలో హెండర్సన్ ఎక్కిన సైనికుడి ఉత్తరం వేరే ఓడ ద్వారా ఇంటికి చేరడంలో వింతేమీ లేదు. యుద్ధం ఆగాక పదివేలకు పైగా సైనికుల్ని ఇంటికి చేర్చింది.

పోస్టుకు సంబంధం లేదు గానీ ఒక మాట. ఈ ఓడ ఊగకుండా ఉండటానికి లోపల రెండు పెద్ద గైరోస్కోపులు పెట్టారు, ఒక్కో చక్రం 25 టన్నులు. అప్పటికి అంత పెద్ద ఓడలో ఆ ఏర్పాటు కొత్త. సముద్రపు తిప్పులు తట్టుకోలేని సైనికుడు ఆ సంగతి ఇంటికి రాశాడేమో, ఉత్తరం లోపల ఉంటే చదివి చూడండి.

1923 జూలై 5న అధ్యక్షుడు వారెన్ హార్డింగ్ టకోమాలో ఈ ఓడ ఎక్కి అలాస్కా వెళ్లాడు. తిరిగొస్తూ జూలై 27న పొగమంచులో జైలిన్ అనే డిస్ట్రాయర్‌ను ఢీకొంది. అప్పటికే నలతగా ఉన్న హార్డింగ్ ఆగస్టు 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో చనిపోయాడు. ఆ ప్రయాణపు కవరు అని చెబితే ధర అమాంతం పెరుగుతుంది కాబట్టి, తేదీ జూలై 5, 27ల మధ్య పడుతోందో లేదో ముందు చూడండి. 1927లో మెరైన్లతో షాంఘై వెళ్లింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అమెరికా పశ్చిమ తీరం నుంచి చైనా, ఫిలిప్పీన్స్ వైపు మనుషుల్ని చేరవేసింది. షాంఘై, మనీలా పేర్లు ముద్రల్లో కనిపించేది ఈ కాలంలోనే.

రెండో యుద్ధంలో హవాయి ప్రయాణాలు ఇరవైకి పైగా. 1943 జూలైలో నిర్మాణ దళం సీబీలతో సోలమన్ దీవుల వైపు వెళ్లి, సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో తిరిగొచ్చింది. 1943 అక్టోబరు 13న సేవలోంచి తీసి ఆస్పత్రి ఓడగా మార్చడం మొదలుపెట్టారు. 1944 మార్చి 23న యు.ఎస్.ఎస్. బౌంటిఫుల్ అనే కొత్త పేరుతో మళ్లీ సేవలోకి వచ్చింది. పసిఫిక్‌లోని సైపాన్, లేటే దీవుల యుద్ధాల్లో గాయపడ్డవాళ్లను మోసింది, 1946లో బికినీ అణుపరీక్షల దగ్గర కూడా ఉంది. 1946 సెప్టెంబరు 13న సేవ ముగిసింది, 1948 జనవరిలో తుక్కుకు అమ్మేశారు.

ఓడ ఒకటే, పేర్లు రెండు అన్నది విశాఖపట్నం వాళ్లకు కొత్త కాదు. అక్కడి తూర్పు నౌకాదళంలోని ఐ.ఎన్.ఎస్. జలాశ్వ ఒకప్పటి యు.ఎస్.ఎస్. ట్రెంటన్. అది కూడా సైనికుల్ని మోసే ఓడే, 2007లో మన నౌకాదళంలో చేరింది. ట్రెంటన్ ముద్రలున్న కవర్లు దొరికితే పక్కన జలాశ్వ కవరు పెట్టి ఒక మంచి పేజీ కట్టుకోవచ్చు.

6. తేదీని పట్టీ మీద పెట్టి నిలదీయండి

మూడు కవర్లు అనుకుందాం, మూడింటి చిరునామాలోనూ యు.ఎస్.ఎస్. హెండర్సన్ అనే ఉంది. ఒకటి 1942 ఆగస్టు, ఒకటి 1944 జూన్, ఒకటి 1945 డిసెంబరు.

మొదటిది ఇబ్బంది లేదు, రవాణా నౌకే.

రెండోది కుదరదు. 1943 అక్టోబరు 13 నుంచి 1945 ఆగస్టు 4 దాకా ఆ పేరుతో సేవలో ఉన్న ఓడే లేదు. సంవత్సరం అంకె తప్పు చదివామేమో మళ్లీ చూడాలి, 1944లో నాలుగు చాలాసార్లు ఒకటిలా పడుతుంది. లేదా అది ‘హెండర్సన్ ఫీల్డ్’ ఏమో చూడాలి. అది గ్వాడల్‌కెనాల్‌లోని విమానాశ్రయం.

మూడోది అసలైన ఉచ్చు. 1945 ఆగస్టు 4న యు.ఎస్.ఎస్. హెండర్సన్ పేరుతో ఒక డిస్ట్రాయర్ సేవలోకి వచ్చింది, నంబరు డీడీ-785. దీనికి పెట్టింది మిడ్‌వే యుద్ధంలో చనిపోయిన మెరైన్ పైలట్ మేజర్ లాఫ్టన్ హెండర్సన్ పేరు. గ్వాడల్‌కెనాల్ విమానాశ్రయానికీ ఆయన పేరే. మన రవాణా నౌక నంబరు ఏపీ-1. అమ్మకాల్లో ఈ రెండూ రోజూ కలిసిపోతుంటాయి. డిస్ట్రాయర్ కవర్లు 1980 దాకా ఉన్నాయి, ఆ తర్వాత ఆ ఓడ పాకిస్తాన్ నౌకాదళానికి వెళ్లింది. కవరు మీద నంబరు ఉంటే ముందు దాన్ని చూడండి, ఓడ పేరు తర్వాత.

7. ఆ రోజు ఓడ ఎక్కడుంది?

నిఘంటువు నెలలు చెబుతుంది, రోజులు చెప్పదు. రోజు కావాలంటే డెక్ లాగ్ (ఓడలో గంటల వారీగా రాసే దినచర్య పుస్తకం), వార్ డైరీ (యుద్ధకాలంలో ఓడ రోజువారీ నివేదిక) చూడాలి. రెండూ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి, రెండో యుద్ధపు వార్ డైరీలు ఆన్‌లైన్‌లోనే చదవవచ్చు. హైదరాబాద్‌లో కూర్చుని కూడా ఇంతవరకు చేయవచ్చు. ఆన్‌లైన్‌లో లేని లాగుల కోసం అమెరికాలో ఉండే బంధువుల్నో, స్నేహితుల్నో అడగాల్సిందే.

డెక్ లాగ్ పేజీ చూస్తే మొదట భయమేస్తుంది. నాలుగు గంటలకొక వాచ్ (కాపలా వంతు) చొప్పున చేత్తోనో, టైపులోనో రాసిన వరుసలు. మీకు కావాల్సింది రోజుకు మూడు చోట్ల ఉంటుంది. ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, రాత్రి 8కి ఓడ ఉన్న అక్షాంశ రేఖాంశాలు. ముద్రలో ఉదయం అని ఉంటే 8 గంటల స్థానం, సాయంత్రం అని ఉంటే రాత్రిది రాసుకోండి. రేవులో ఉంటే ఏ బెర్తులో కట్టారో కూడా ఉంటుంది.

ఒక జాగ్రత్త. ముద్రలోని తేదీ క్లర్కు ముద్ర వేసిన రోజు, ఉత్తరం రాసిన రోజు కాదు. సెన్సారు దగ్గర ఆగి ఉండవచ్చు, సంచి నిండేదాకా ఆగి ఉండవచ్చు. లోపలి ఉత్తరం మీద తేదీ ఉంటే రెండూ విడిగా రాయండి, రెండు రోజుల స్థానాలూ పెట్టండి. ఆ తేడా ఎన్ని రోజులో చూస్తే ఆ ప్రయాణంలో పోస్టు ఎలా నడిచిందో తెలుస్తుంది.

8. డబ్బు పెట్టేముందు అనుమానించాల్సినవి

కవరు ఎడమవైపు ముద్రించిన బొమ్మ ఓడ చరిత్రకు సాక్ష్యం కాదు. బొమ్మను ఎవరైనా, ఎప్పుడైనా వేయించవచ్చు. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన 1941 డిసెంబరు 7 తేదీ ఉన్న ఏ నౌకాదళ కవరునైనా నిపుణుడు చూడకుండా కొనకండి, ఆ తేదీకున్న గిరాకీ వల్ల నకిలీలు తయారవుతాయి. సెన్సార్ ముద్ర సిరా, పోస్టల్ ముద్ర సిరా అచ్చం ఒకే రంగులో, ఒకే తాజాదనంతో ఉంటే కూడా ఆగండి. మామూలుగా ఆ రెండూ వేర్వేరు చేతులు, వేర్వేరు ప్యాడ్లు.

పోల్చి చూడటానికి నావల్ కవర్ మ్యూజియం అనే వెబ్‌సైటులో ఓడ పేరు కొట్టండి, స్కాన్లు వరుసగా వస్తాయి. దాన్ని నడిపే యూనివర్సల్ షిప్ క్యాన్సిలేషన్ సొసైటీ 1932 నుంచి ఇదే పనిలో ఉంది. ముద్రల కేటలాగు కూడా వాళ్లదే.

9. పేజీ రాయడం

కవరు కింద మూడు వరుసలు చాలు. మొదటి వరుసలో కనిపించేది: ముద్ర రకం, తేదీ, సెన్సార్, ధర. రెండో వరుసలో తేల్చింది: ఓడ, నంబరు, ఆ రోజు స్థానం, ఏ రికార్డు చూశారు. మూడో వరుసలో మీ ఊహ, అది ఊహేనని రాసి. ఊహను రెండో వరుసలోకి జరపకండి. ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడు ఉత్తరం రాసినవాళ్ల, అందుకున్నవాళ్ల పేరు, ఇంటి నంబరు మీద కాగితం ముక్క అడ్డం పెట్టి స్కాన్ చేయండి. ఓడ పేరు, హోదా, డివిజన్ కనిపిస్తే చాలు, మిగతా కలెక్టర్లకు కావాల్సింది అదే.